చిన్నాయన చూపించిన చెట్టు, ఇంకొకరు రాసిన థీసిస్



మా చిన్నాయన అయిదో తరగతితో బడి మానేసినాడు. శేషాచలం కొండల్లో ఏ కోన పక్కన ఏ మాను ఉందో, ఏది ఏ నెలలో పూస్తుందో, ఏ ఏడు కాపు తప్పిందో అడిగితే నిలబడిన చోటే చెప్తాడు. అందుకే ఏడాదికి ఒకసారన్నా ఎవరో ఒక రీసెర్చ్ స్కాలర్ మా కాలనీకి వస్తా ఉంటారు. చిన్నాయన ముందు నడుస్తాడు. కత్తితో ముళ్లకంపలు తప్పిస్తాడు. చెట్టెక్కి పూతకొమ్మ తెంపిస్తాడు. పేరు చెప్తాడు, దేనికి వాడతామో చెప్తాడు. సాయంత్రం కొండ దిగినాక కూలీ డబ్బులు, ఒక్కోసారి పిల్లోళ్లకని ఒక బిస్కెట్ ప్యాకెట్టు.

నేను బీఎస్సీ బీజెడ్‌సీ మూడో ఏడాదిలో ఉన్నప్పుడు ఒక లైబ్రరీలో అట్లాంటి థీసిస్ ఒకటి చేతికొచ్చింది. పేజీలు తిప్పుతుంటే మా చిన్నాయన నడిచే దారే కనిపించింది. ఆయన చెప్పిన పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో వరసగా పట్టికలో ఉన్నాయి. ముందు పేజీల్లో గైడుకి, డిపార్ట్‌మెంటుకి, అమ్మానాన్నలకి, హాస్టల్ స్నేహితులకి పేరుపేరునా కృతజ్ఞతలు. ఆఖర్న 'స్థానిక గిరిజనులకు' అని రెండు మాటలు.

ఆ స్కాలర్ చెడ్డ మనిషి కాదు. మా ఇంట్లో అన్నం తిన్నాడు, మా చిన్నాయనకు ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. నాకు ఆయన మీద కోపం లేదు. నా ప్రశ్న వేరే. ఆ కొండ దారి తెలిసిన ఇంట్లోంచి ఆ థీసిస్ రాసే మనిషి ఎందుకు రాలేదు? యానాది, ఎరుకల, సుగాలీ ఇళ్లలో డిగ్రీ చేసిన పిల్లలు ఇప్పుడు తక్కువేం లేరు. బోటనీ చదివినోళ్లూ ఉన్నారు. డిగ్రీ కాగానే గ్రూప్స్ కోచింగ్, కానిస్టేబుల్ పరీక్ష, లేకపోతే శ్రీసిటీలో షిఫ్టు పని. అవి తప్పని నేననను. ఇల్లు గడవాలి కదా. కానీ మన కొండ మీద పీహెచ్‌డీ చేయొచ్చు, దానికి నెలనెలా డబ్బులిస్తారు అని మనకు ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఆ కొండ ఎంత విలువైనదో చూడండి. శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్క్ 1989లో వచ్చింది. 2010లో శేషాచలాన్ని బయోస్ఫియర్ రిజర్వ్‌గా ప్రకటించారు, మొత్తం 4,755 చదరపు కిలోమీటర్లు. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ దక్షిణ తూర్పు కనుమల్లోనే. తిరుమల కొండల గడ్డి వాలుల్లో పెరిగే పేరీతను శాస్త్రవేత్తలు సైకస్ బెడ్డోమీ అంటారు. అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలో ఎర్రచందనం రెండో జాబితాలో ఉంటే, పేరీత ఇంకా కఠినమైన మొదటి జాబితాలో ఉంది. మనం ఊదు వేసుకునే కొండ సాంబ్రాణి, ఎండాకాలం పోయేటప్పుడు బుట్టల్లో తెచ్చి అమ్ముకునే మొగి పండ్లు, తెల్ల కరక, ఇవన్నీ ప్రపంచంలో చాలా కొద్ది చోట్ల మాత్రమే ఉండే జాతులు.

తంబ చెట్టు సంగతి విడిగా చెప్పాలి. దాని శాస్త్రీయ నామం షోరియా టంబుగ్గాయా. రెండో మాట లాటిన్ కాదు, తెలుగు పేరే. ఈస్టిండియా కంపెనీ కాలంలో మన కోస్తా, కొండల మొక్కలను వర్ణించిన విలియం రాక్స్‌బర్గ్ ఇక్కడోళ్లు పిలిచే పేరునే దానికి పెట్టినాడు. వృక్షశాస్త్రం పద్ధతి ప్రకారం ఆ పేరు పక్కన ఆయన పేరు పొట్టిగా రాస్తారు. చెట్టు చూపించి 'ఇది ఫలానా' అని చెప్పిన మనిషి పేరు మాత్రం అందులో లేదు. అంటే మా చిన్నాయన కథ రెండొందల ఏళ్ల పాతది.

ఇప్పుడు వాతావరణ మార్పు. ఈ మాట టీవీలో వింటే ధ్రువాల దగ్గర మంచు కరగడం గుర్తొస్తుంది. మన జిల్లాల్లో అది వేరేగా కనపడుతుంది. 2014 మార్చిలో శేషాచలం అడవి తగలబడితే ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. 2021 నవంబర్‌లో కురిసిన వానకు తిరుపతి వీధులు ఏరులైనాయి, తిరుమల ఘాట్ రోడ్ల మీద కొండచరియలు పడినాయి, చెయ్యేటి మీద అన్నమయ్య డ్యామ్ కట్ట తెగి రాజంపేట వైపు ఊళ్లు కొట్టుకుపోయినాయి. ఒక ఏడు నిప్పు, ఇంకో ఏడు నీళ్లు. నైరుతి కంటే ఈశాన్య రుతుపవనం మీద ఎక్కువ ఆశ పెట్టుకునే నేల మనది. వాన ఒక నెల జరిగితే ఎర్రచందనం మొలక బతుకుతుందా? వరసగా రెండేళ్లు నిప్పు పడితే పేరీత పిల్లమొక్క మిగులుతుందా? పెద్ద పేరీత నిప్పు తట్టుకుని మళ్లీ చిగురేస్తుంది, అది మనకు తెలుసు. పిల్ల సంగతి? మొగి పూత ముందుకు జరిగితే దాని మీదికొచ్చే తేనెటీగలు అదే వేళకు వస్తాయా?

ప్లాంట్ ఎకాలజీ అంటే ఇట్లాంటి ప్రశ్నలే. ప్రయోగశాలలో తెల్లకోటు వేసుకుని చేసేది అందులో కొంచెమే. ఎక్కువ భాగం కొండ మీదే. తాడు కట్టి నేలను గడులుగా పంచుకోవడం, ప్రతి చెట్టుకు నంబరు రేకు కొట్టడం, నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో చుట్టుకొలత తీయడం, మొలకలు లెక్కపెట్టడం, మళ్లీ ఏడాదికి అదే చెట్టు దగ్గరికి పోవడం. తమిళనాడులో ముదుమలై అడవిలో బెంగళూరు ఐఐఎస్‌సీ వాళ్లు 1988లో 50 హెక్టార్ల ప్లాటు వేసినారు. అప్పటినుంచి అక్కడ ప్రతి చెట్టు పుట్టుక, ఎదుగుదల, చావు లెక్క రాస్తా ఉన్నారు. కరువు ఏడు ఏం జరిగింది, నిప్పు పడిన ఏడు ఏం జరిగింది అని ఇవాళ చెప్పగలుగుతున్నారంటే అన్నేళ్లు ఆపకుండా కొలిచినందుకే. ఆ కొలతల్లో అక్కడి ఆదివాసీల చెమట కూడా ఉంది, క్షేత్ర సహాయకులుగా. మళ్లీ అదే, సహాయకులుగా.

'ఎవరు కొలిస్తే ఏం, లెక్క లెక్కే కదా' అని మీరు అనొచ్చు. నేనూ కొన్నాళ్లు అట్లే అనుకున్నా. కానీ లెక్క ఎవరు తీసినా ఒకటే అయినా, ప్రశ్న ఎవరు అడుగుతున్నారు అన్నదాన్ని బట్టి ఏది కొలవాలో మారిపోతుంది.

దీనికి కర్ణాటక నుంచి ఒక ఉదాహరణ. చామరాజనగర జిల్లాలో బిళిగిరి రంగన కొండల్లో సోలిగలు ఉంటారు. ఏడాది మొదట్లో, ఆకు రాలినప్పుడు, అడుగునున్న చెత్తకు చిన్న నిప్పు పెట్టడం వాళ్ల ఆనవాయితీ. తరగు బెంకి అంటారు. 1974లో ఆ అడవి అభయారణ్యం అయింది, నిప్పు నిషేధమైంది. తర్వాత లాంటానా కంప అడవంతా అల్లుకుంది. ఆ చిన్న నిప్పు ఆపేసినందుకే ఈ కంప పెరిగింది అని సోలిగలు చెప్తా వచ్చినారు. చాలా కాలం అది అడవి కాల్చేవాళ్ల సాకుగానే కనపడింది. తర్వాత బెంగళూరు ఏట్రీ సంస్థ పరిశోధకులు సోలిగల మాటనే పరీక్షించాల్సిన సిద్ధాంతంగా తీసుకుని పని చేసినారు, అంతర్జాతీయ పత్రికల్లో రాసినారు. ఆ సంస్థలోనే సి. మాదేగౌడ ఉన్నారు. సోలిగ మనిషి, పీహెచ్‌డీ చేసినాయన, 2011లో అక్కడి సోలిగలకు అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కులు రావడానికి పని చేసినవాళ్లలో ఒకరు. పరిశోధన, హక్కు రెండూ ఒకే మనిషి చేతిలో ఉంటే ఎట్లా ఉంటుందో ఆయన్ని చూస్తే తెలుస్తుంది.

ఇంకొక ఉదాహరణ చాలా దూరంది. అమెరికాలో రాబిన్ వాల్ కిమ్మరర్ అనే వృక్ష శాస్త్రవేత్త ఉన్నారు, పొటావాటమీ అనే మూలవాసీ జాతి ఆమెది. బుట్టలల్లే వాళ్లు కోసుకునే ఒక వాసన గడ్డి తగ్గిపోతా ఉంటే, ఆమె దగ్గర చదివే విద్యార్థిని ఒకరు గడ్డి కోసిన గడులు, కోయని గడులు పక్కపక్కన పెట్టి కొలిచింది. కోస్తే తగ్గిపోతుందని ఎవరికి తెలీదు, దీనికి పరిశోధన ఎందుకు అని పెద్ద ప్రొఫెసర్లు ముందు పెదవి విరిచినారు. కొలిస్తే తేలిందేమంటే, పద్ధతిగా కోసిన చోటే గడ్డి బాగా పెరిగింది. ముట్టుకోని చోట వెనకబడింది.

మనకు ఇట్లాంటి ప్రశ్నలు ఎన్ని లేవు! మారెడు గడ్డలు మనం తవ్వుకుంటే ఆ తీగ అంతరించిపోతుందని అంటారు. వేరు కొంచెం మిగిల్చి మట్టి కప్పే మన పాత పద్ధతికీ, కాంట్రాక్టరు లారీ నింపడానికి మొదలంటా పెరికే పద్ధతికీ తేడా ఎవరు కొలిచినారు? కొలిస్తే మన తప్పు కూడా బయటపడొచ్చు. పడనీ. కనీసం అది మనం అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు అవుతుంది.

మన పెద్దోళ్లకు ఒక భయం ఉంది, అది ఉత్త భయం కాదు. 'రాసిస్తే మందుల కంపెనీ ఎత్తుకుపోతుంది' అంటారు. కేరళ కాణి ఆదివాసీల కథ ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. 1987లో దారి చూపించడానికి పోయిన కాణి మనుషులు అలుపు రాకుండా తినే ఆరోగ్యపచ్చ కాయలను శాస్త్రవేత్తలకు ఇచ్చినారు. దాంతో 'జీవని' అనే మందు తయారైంది, 1995లో ఒక ఆయుర్వేద కంపెనీకి లైసెన్సు ఇచ్చినారు. లైసెన్సు ఫీజులో, రాయల్టీలో సగం కాణిల ట్రస్టుకు ఇవ్వాలని ఒప్పందం. ప్రపంచమంతా మెచ్చుకుంది. అయినా ఆ మాట చెప్పే హక్కు ఎవరిది, డబ్బు ఎవరెవరికి అని కాణిల్లోనే గొడవ వచ్చింది. చర్చ జరిగేటప్పుడు బల్లకు అవతలి పక్క కూడా మన మనిషి కూర్చోవాలి అని దాన్నుంచి నేను నేర్చుకున్నా.

సరే, ఎక్కడ చేయాలి? ఇది చెప్తే మీరు నమ్మరు, అన్నీ మన చుట్టూనే ఉన్నాయి. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నుంచి ఉంది, అక్కడి బోటనీ విభాగం ఈ కొండల మొక్కల మీద దశాబ్దాలుగా పని చేస్తా ఉంది. 2008లో తిరుపతిలో అచ్చయిన మాధవశెట్టి, శివాజీ, తులసీరావు గార్ల చిత్తూరు జిల్లా పుష్పించే మొక్కల పుస్తకం ఇప్పటికీ మొక్క గుర్తుపట్టాలంటే మొదట తీసేది. ఏర్పేడు దగ్గర ఐసర్ తిరుపతి ఉంది, 2015లో మొదలైంది. జీవావరణం మీద, భూమి వాతావరణం మీద పని చేసే అధ్యాపకులు అక్కడ ఉన్నారు, బీఎస్సీ తర్వాత నేరుగా చేరే ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ కూడా ఉంది. పాకాల పోయే దారిలో గాదంకి దగ్గర జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల, ఆకాశంలో గాలి పొరలను కొలిచే పెద్ద రాడార్ ఉండేది అక్కడే. శ్రీహరికోట కూడా ఇప్పుడు తిరుపతి జిల్లానే. రాకెట్ కేంద్రం కోసం మన యానాదులను ఖాళీ చేయించిన ఆ దీవి నుంచే 2024 ఫిబ్రవరిలో వాతావరణం చూసే ఇన్సాట్-3డీఎస్ ఉపగ్రహం పైకి పోయింది. కొంచెం దూరం పోగలిగితే కడపలో యోగి వేమన, అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ, పాండిచ్చేరి యూనివర్సిటీ ఎకాలజీ విభాగం, బెంగళూరు ఐఐఎస్‌సీ.

డబ్బు సంగతి. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000, తర్వాత సీనియర్ అయినాక 42,000, ఇంటి అద్దె అలవెన్సు వేరే. వయసు 30 దాటకూడదు, మనకు ఇంకో అయిదేళ్లు సడలింపు. లైఫ్ సైన్సెస్ సిలబస్‌లో ఎకాలజీ ఒక పెద్ద భాగం, మనోళ్లు భయపడి వదిలేసేదీ అదే. అదే మన బలం కావాల్సింది. జేఆర్ఎఫ్ రాకపోయినా దిగులు వద్దు. 2024 నుంచి నెట్ మార్కులతోనే పీహెచ్‌డీ సీటుకు పోటీ పడే వీలుంది. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఎస్టీ విద్యార్థుల కోసమే ఏటా 750 నేషనల్ ఫెలోషిప్పులు ఇస్తుంది. దానికి పీహెచ్‌డీలో చేరి ఉండాలి, పీజీ మార్కులు ముఖ్యం. విదేశాల్లో పీజీకి, పీహెచ్‌డీకి, పోస్ట్‌డాక్‌కు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది, దేశం మొత్తానికి ఏటా ఇరవై మాత్రమే. వాటిలో మూడు అతి బలహీన తెగలకు. మన జిల్లాల యానాదులు, ఎరుకలు, సుగాలీలు ఆ జాబితాలో లేరు, మిగతా పదిహేడుకు పోటీ పడాలి.

పోస్ట్‌డాక్ అనే మాట మా ఇంట్లో చెప్తే 'ఇంకో డాక్టరా?' అన్నారు. పీహెచ్‌డీ అయినాక రెండు మూడేళ్లు సొంత ప్రశ్న మీద, జీతంతో పని చేయడం అది. ప్రొఫెసర్ పోస్టుకు, సైంటిస్టు పోస్టుకు దారి అదే. కేంద్ర పరిశోధన నిధి సంస్థ ఏఎన్ఆర్ఎఫ్ రెండేళ్ల నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ ఇస్తుంది, 35 ఏళ్ల వయోపరిమితిలో మనకు అయిదేళ్లు సడలింపు ఉంది. మనలో అక్కడిదాకా పోయేవాళ్లు ఇప్పుడే బీఎస్సీలో ఉండాలి. అందుకే ఇప్పుడే చెప్తున్నా.

అడ్డాలు లేవని అబద్ధం చెప్పను. సీఎస్ఐఆర్ నెట్ ఇంగ్లీషులో, హిందీలో ఉంటుంది, తెలుగులో ఉండదు. ఫెలోషిప్ డబ్బు ఒక్కోసారి నెలలు నెలలు రాదు. మా పక్క కాలనీ అక్క ఒకామె ఎనిమిది నెలలు ఎదురుచూసి, అప్పు తీర్చలేక రీసెర్చ్ వదిలేసి, ప్రైవేటు బడిలో టీచరుగా చేరింది. ఇంటర్వ్యూలో 'మీ కేటగిరీలో సీటు ఎట్లాగూ వస్తుందిలే' అన్న మాట నాకు తెలిసిన ఇద్దరు విన్నారు. కొండెక్కడానికి అటవీశాఖ అనుమతి కాగితం కావాలి. మా తాత కట్టెలకు తిరిగిన చోట మొక్క కొలవాలంటే నేను ప్రొఫెసర్ సంతకంతో దరఖాస్తు పెట్టుకోవాలి. ఆపైన శేషాచలంలో ఎర్రచందనం నీడ ఒకటి. 2015 ఏప్రిల్ 7న అక్కడ ఎన్‌కౌంటర్‌లో చనిపోయిన ఇరవై మంది తమిళనాడు కూలీలు, వాళ్లలో ఆదివాసీలూ ఉన్నారు. ఆ అడవిలో నల్లటి మనిషి భుజాన సంచీతో కనపడితే ముందు అనుమానమే పుడుతుంది, ఆ సంచీలో కొలిచే టేపు ఉందని ఎవరూ అనుకోరు.

అందుకే యూనివర్సిటీలను, పరిశోధన సంస్థలను మేం అడిగేది ఇది. మా ఊళ్ల నుంచి దారి చూపించడానికి మనిషిని తీసుకుంటే ప్రాజెక్టు లెక్కల్లో క్షేత్ర సహాయకుడిగా రాసి జీతం ఇవ్వండి, చేతిలో కూలీ పెట్టి పంపొద్దు. జ్ఞానం ఇచ్చినవాళ్ల పేరు, వాళ్లు ఒప్పుకుంటే, పేపర్లో రాయండి. పని అయినాక ఏం తేలిందో తెలుగులో మా కాలనీకి వచ్చి చెప్పండి. ఏటా ఎండాకాలంలో మన బీఎస్సీ పిల్లలకు నాలుగు వారాలు ల్యాబుల్లో, ప్లాట్లలో పని చూపించండి, స్టైపెండ్‌తో. ప్రభుత్వాన్ని అడిగేది ఇంకా చిన్నది. గ్రూప్స్‌కు కోచింగ్ ఇస్తున్నట్టే నెట్‌కు, గేట్‌కు కూడా ఇవ్వండి. గేట్‌లో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ అని ఒక పేపరే ఉందని గిరిజన సంక్షేమ కాలేజీ హాస్టళ్లలో గోడకు రాసి పెట్టినా చాలు.

మన పని మనది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, డిగ్రీలో ఉన్నవాళ్లు ఇప్పుడే ఒక నోటుపుస్తకం కొనండి. మీ ఊరి పక్క పది చెట్లు ఎంచుకోండి. వారానికొకసారి పోయి చిగురు, పూత, కాయ, పండు ఏ స్థితిలో ఉందో తారీకుతో రాయండి. దేశమంతా ఇట్లా రాసే సీజన్‌వాచ్ అనే కార్యక్రమం ఉంది, అందులోనూ చేర్చొచ్చు. మీ తాతనో, పెద్దమ్మనో పక్కన పెట్టుకుని రాయండి. 'మొగి ఇదివరకట్లా ఒకే వేళకు పండట్లేదు' అని మా చిన్నాయన అంటాడు. ఆయన మాట నిజమో కాదో నేను చెప్పలేను, ఎందుకంటే పాత తారీకులు ఎవరూ రాయలేదు. ఈ ఉగాది నుంచి మేమిద్దరం రాస్తున్నాం. ఆయన చెప్తాడు, నేను రాస్తా. చెట్టు నంబరు, తారీకు, కింద ఇద్దరి పేర్లు.

ఎమ్మెస్సీ ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లు కుల ధ్రువపత్రం, ఆదాయ పత్రం, మార్కుల జాబితాలు ఇప్పుడే తీసి పెట్టుకోండి. నోటిఫికేషన్ వచ్చినాక పరుగెత్తితే గడువు దాటిపోతుంది, చాలామందికి అదే జరిగింది. నియమాలు ఏటా కొంచెం మారతాయి కాబట్టి ఆ ఏటి నోటిఫికేషన్ మీరే పూర్తిగా చదవండి. ఇంగ్లీషులో అర్థం కాకపోతే మాకు పంపండి, కూర్చుని తెలుగులో చెప్తాం. గైడును వెతకడం తెలియకపోతే, ప్రొఫెసర్‌కు మొదటి ఈమెయిల్ ఎట్లా రాయాలో తెలియకపోతే కూడా అడగండి. ఆ మొదటి ఈమెయిల్ రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. మీకు ఒక్క సాయంత్రం చాలు.